వంటగది ఎవరితో?

టొరంటోలో గది చూసిపెట్టమని జూనియర్లు ఎవరైనా మెసేజ్ పెడితే నేను ముందు అద్దె అడగను, ఏరియా కూడా అడగను. వంటగది ఎవరితో అని అడుగుతాను. "అదేంటక్కా, స్టవ్ ఉంది, ఫ్రిజ్‌లో ఒక అర ఇస్తామన్నారు, ఇంకేం కావాలి?" అంటారు. 2023 ఆగస్టులో నేనూ అంతకు మించి అడగలేదు. అడగనందుకు డిసెంబరులో, ఫైనల్ పరీక్షల మధ్యలో, రెండు సూట్‌కేసులూ ఒక రైస్ కుక్కరూ పట్టుకుని క్లాస్‌మేట్ వాళ్ళ హాల్లో తొమ్మిది రాత్రులు పడుకున్నాను.

స్టడీ పర్మిట్ రాగానే వాట్సాప్ గ్రూపుల్లో చేరాను. అక్కడ రోజూ పదులకొద్దీ ప్రకటనలు పడేవి. వాటి భాష అర్థం కావడానికే వారం పట్టింది. స్పాట్ అంటే గది కాదు, ఇద్దరు ముగ్గురు ఉండే గదిలో ఒక పరుపు వేసుకునేంత చోటు. బ్యాచిలర్ అంటే పెళ్ళికాని వాడు కాదు, విడిగా పడకగది లేని ఒంటిగది ఫ్లాట్. డెన్ అంటే తలుపు ఉండని, చాలాసార్లు కిటికీ కూడా ఉండని మూల. దాన్నీ ఒక గదిగా లెక్కేసి అద్దెకిస్తారు. 'హైడ్రో ఎక్స్‌ట్రా' అని ఉంటే నీళ్ళ బిల్లేమో, పోనీలే ఎంతవుతుంది అనుకున్నాను. హైడ్రో అంటే కరెంటు. ఒకప్పుడు నయాగరా జలపాతం నుంచి వచ్చిన కరెంటుతోనే ఈ రాష్ట్రమంతా వెలిగింది కాబట్టి ఒంటారియోలో కరెంటు బిల్లుకి ఆ పేరే నిలిచిపోయింది. చలికాలంలో రూమ్ హీటర్ పెట్టుకునేవాళ్ళకి ఆ 'ఎక్స్‌ట్రా' ఎంతో జనవరిలో తెలుస్తుంది.

ఇంకో మాట, 'మేజర్ ఇంటర్‌సెక్షన్'. ఈ ఊళ్ళో ఎవరూ ఇంటి అడ్రస్ ముందుగా చెప్పరు, దగ్గర్లో ఏ రెండు పెద్ద రోడ్లు కలుస్తాయో చెబుతారు. నాకు నచ్చిన ప్రకటనలో 'మిడ్‌లాండ్ అండ్ ఎల్స్‌మియర్' అని ఉంది. టొరంటో తూర్పు వైపు స్కార్‌బరోలో ఇల్లు, బేస్‌మెంట్, ఆడపిల్లలకి మాత్రమే, తెలుగు ఫ్యామిలీ, షేరింగ్‌లో నెలకి 600 డాలర్లు, 'ట్రైన్ స్టేషన్‌కి ఏడు నిమిషాల నడక'. తెలుగు ఫ్యామిలీ అన్న మాట దగ్గరే అమ్మ సగం ఒప్పేసుకుంది. స్టేషన్ అన్న మాట దగ్గర నేను మిగతా సగం.

స్టేషన్ నిజంగానే ఏడు నిమిషాల దూరంలో ఉంది. రైలే లేదు. స్కార్‌బరో లైన్ 3లో 2023 జులై 24న నడుస్తున్న రైలు చివరి బోగీ ఊడిపోయి పట్టాలు తప్పింది. మామూలుగా అయితే నవంబరులో మూసేయాల్సిన లైనట, ఇక తెరిచేది లేదని ఆగస్టులోనే తేల్చేశారు. ప్రకటన రాసిన రోజుకి అది అబద్ధం కాదు. నేను దిగిన రోజుకి నిజం కాదు. మొదటిరోజు మ్యాప్ చూసుకుంటూ ఎల్స్‌మియర్ స్టేషన్ దాకా నడిచి, మూసేసిన గేటు ముందు నిలబడి, వెనక్కి వచ్చి 57 మిడ్‌లాండ్ బస్సెక్కి, కెనడీ స్టేషన్‌లో లైన్ 2 సబ్‌వే పట్టుకుని, డౌన్‌టౌన్‌లో కాలేజీకి చేరేసరికి గంటా ఇరవై నిమిషాలు. ఓరియంటేషన్ అయిపోయింది. మిగిలిన పిజ్జా ముక్క ఒకటి ఎవరో చేతిలో పెట్టారు.

సరే, దూరం సంగతి అలవాటైపోయింది. బస్సులో నిద్రపోవడం నేర్చుకున్నాను. అసలు సమస్య వంటగది.

మేం ముగ్గురం బేస్‌మెంట్‌లో, ఓనర్ అంకుల్, ఆంటీ, పిల్లలు పైన. కింద పొయ్యి లేదు. పైన వాళ్ళ వంటగదిలోనే మేమూ వండుకోవాలి. వాళ్ళని దుర్మార్గులని అనలేను. అంకుల్ ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి తీసుకెళ్ళారు (పెట్రోలుకి నలభై డాలర్లు తీసుకున్నారనుకోండి, బయటి క్యాబ్ కన్నా తక్కువే). మొదటి వారం ఆంటీయే భోజనం పెట్టారు. తర్వాత ఒక్కొక్క రూలే వచ్చింది. వంట మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపే. ఆ టైంలో మాకు క్లాసులు, అందుకని ఆదివారం వండి వారమంతా తినేవాళ్ళం. వేపుళ్ళు వద్దు, కర్టెన్లకి వాసన పడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక పైకి రావొద్దు, పిల్లలు పడుకుంటారు. మంచినీళ్ళు కూడా ముందే పట్టుకోవాలి. ఒక్కోటి విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది, ఎవరింట్లో వాళ్ళకి ఇష్టాలుంటాయి కదా. అన్నీ కలిపితే మాత్రం నెలకి ఆరు వందలు కట్టి చుట్టాలింట్లో మొహమాటంగా ఉన్నట్టు ఉండేది. చుట్టాలింట్లో అయితే కనీసం ఇంకొంచెం వేసుకోమని అంటారు.

కాగితం ఏమీ రాసుకోలేదు. "మన వాళ్ళ మధ్య కాగితాలెందుకమ్మా" అన్నారు అంకుల్. నాకూ ఎందుకనే అనిపించింది. ముందుగా ఇచ్చిన ఆరు వందలకి రసీదు అడగడం కూడా మర్యాద కాదనుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో ఆంటీ కిందకి వచ్చారు. ఎప్పుడూ రారు. మెట్ల మీదే కూర్చున్నారు.

"మా చెల్లెలు వాళ్ళు వస్తున్నారమ్మా, అందరూ ఇక్కడే దిగుతారు. పదిహేనో తారీకుకల్లా మీరు వేరే చూసుకోవాలి."

"ఆంటీ, పద్నాలుగున నాకు పరీక్ష ఉందండి. ఈ నెలాఖరు దాకా ఉంటానండీ, ప్లీజ్."

"నాకు మాత్రం తెలీదా తల్లీ. ఏం చెయ్యమంటావు చెప్పు?"

ఆవిడ నిజంగానే బాధపడుతూ అడిగారు. అందుకే నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు.

కాలేజీలో విద్యార్థులకి ఉచితంగా న్యాయసలహా ఇచ్చే డెస్క్ ఉందని తెలిసి మర్నాడే వెళ్ళాను. పది రోజుల్లో ఖాళీ చెయ్యమనడం ఎలా కుదురుతుంది, కెనడాలో అద్దెకుండేవాళ్ళకి బోలెడు హక్కులుంటాయని విన్నాను, కేసు గట్టిదే అనుకుంటూ వెళ్ళాను. అక్కడున్న అమ్మాయికి మొత్తం కథ చెప్పబోతుంటే మధ్యలో ఆపి ఒకటే ప్రశ్న వేసింది. వంటగది గానీ బాత్రూమ్ గానీ ఓనర్‌తో కలిపి వాడుకుంటున్నావా? అవునన్నాను. పెన్ను కింద పెట్టేసింది.

ఒంటారియోలో అద్దె చట్టం అద్దెదారుకి గట్టి రక్షణే ఇస్తుంది. కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు, కారణం ఉన్నా నిర్ణీత గడువుతో నోటీసు ఇవ్వాలి, వినకపోతే అద్దె తగాదాలు చూసే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకి వెళ్ళాలి తప్ప తాళాలు మార్చకూడదు. కానీ ఓనర్ గానీ, వాళ్ళ భార్యో భర్తో పిల్లలో తల్లిదండ్రులో గానీ అదే ఇంట్లో ఉంటూ, వాళ్ళతో వంటగదినో బాత్రూమ్‌నో పంచుకోవాల్సి వస్తే ఆ చట్టం వర్తించదు. బోర్డు నీ మాట వినదు. మిగతా చట్టాల కింద కోర్టుకి వెళ్ళొచ్చు, కానీ పదిహేనో తారీకు దాని కోసం ఆగదు. అదే బేస్‌మెంట్‌లో ఒక మూల చిన్న స్టవ్ పెట్టి, కిందే బాత్రూమ్ ఉండి ఉంటే నా కథ వేరేగా ఉండేది. నాలుగు నెలలు ఆ వంటగదిలో టైం చూసుకుంటూ కుక్కర్ పెట్టాను గానీ, నా హక్కులన్నీ ఆ గట్టు మీదే పోయాయని తెలీదు.

ముందుగా ఇచ్చిన డబ్బులో నాలుగు వందలు తిరిగి వచ్చాయి. మిగతా రెండు వందలు 'క్లీనింగ్' కింద పోయాయి. నేను వదిలేశాను. ఆంటీ వెళ్ళేటప్పుడు ఒక సీసాలో గోంగూర పచ్చడి ఇచ్చారు, అది కూడా చెప్పాలి.

ఇక వెతుకులాట. డిసెంబరులో టొరంటోలో సాయంత్రం నాలుగున్నర దాటితే చీకటి. ఒక్కోరోజు పరీక్ష రాసి బయటికొచ్చి ఇళ్ళు చూడ్డానికి వెళ్తే అన్నీ రాత్రిపూటే చూసినట్టు ఉండేది. నాకు కలిసొచ్చింది మాత్రం ఒకటే, ఇక్కడి బస్సు టికెట్. ప్రెస్టో కార్డు ఒకసారి ట్యాప్ చేస్తే 3.30 డాలర్లు, అక్కడి నుంచి రెండు గంటలపాటు ఎటు కావాలంటే అటు, ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. వెనక్కి కూడా రావొచ్చు. విద్యార్థుల నెలపాస్ అప్పట్లో 128.15 డాలర్లు, లెక్కేస్తే నెలకి ముప్ఫై తొమ్మిదిసార్లు ట్యాప్ చేస్తేనే గిట్టుబాటు. సెలవుల్లో అన్నిసార్లు తిరగనని పాస్ మానేసి, రెండు గంటల లెక్కతో ప్లాన్ వేసుకున్నాను. ఒకే లైన్ మీద మూడు ఇళ్ళు, ఒక్కో ఇంటికి పావుగంట, చివరి ట్యాప్ గంటా యాభై ఎనిమిదో నిమిషంలో. రెండు డాలర్లకీ మూడు డాలర్లకీ అంత తాపత్రయం ఏంటని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు ఖాతాలో ఉన్నది చూసుకుంటే నవ్వు రాలేదు. వీసా కోసం ముందే కట్టిన పదివేల డాలర్ల జీఐసీని, అంటే ఖర్చుల కోసం వేయించే డిపాజిట్‌ని, బ్యాంకు నెలనెలా కొంచెం కొంచెంగా వదులుతుంది, ఒక్కసారిగా అవసరమొచ్చినా అంతే.

పదకొండు ఇళ్ళు చూశాను. ఒకచోట పడకగది కిటికీ ఇల్లు వేడిచేసే ఫర్నేస్ గదిలోకి తెరుచుకుంది. ఒకచోట ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమన్నారు, నాకు ఇక్కడ ఉద్యోగం లేదు, క్రెడిట్ స్కోరు లేదు కాబట్టి. ఈసారి నేను చదువుకుని వెళ్ళాను. ఒంటారియోలో అద్దె డిపాజిట్‌గా ఒక నెలకి మించి అడగకూడదు, అది కూడా చివరి నెల అద్దె కిందే సర్దాలి. డ్యామేజ్ డిపాజిట్ అనేదే కుదరదు. ఈ మాట మర్యాదగానే చెప్పాను. ఆయన అంతకన్నా మర్యాదగా తలుపు చూపించాడు. చట్టం తెలిసినంత మాత్రాన గది దొరకదు. ఏ గది వదులుకోవాలో తెలుస్తుంది, అంతే.

అన్నిటికన్నా అందమైన గది మాత్రం ఆన్‌లైన్‌లో దొరికింది. డౌన్‌టౌన్‌లో కాండో, అంటే పెద్ద టవర్‌లో ఫ్లాట్, అద్దాల గోడలోంచి సరస్సు, 900 డాలర్లకే. ఓనర్ 'పని మీద విదేశాల్లో' ఉన్నాడు. డిపాజిట్ ఈ-ట్రాన్స్‌ఫర్ చేస్తే తాళాలు కొరియర్లో పంపిస్తాడట. మోసం అని నాకు తొంభై శాతం తెలుసు. కానీ హాల్లో పరుపు మీద ఆరో రాత్రి పడుకున్నవాళ్ళకి ఆ మిగతా పది శాతం చాలా పెద్దగా కనిపిస్తుంది. డబ్బు పంపే ముందు కనీసం బిల్డింగ్ చూద్దామని వెళ్ళాను. లాబీలో కూర్చున్న సెక్యూరిటీ ఆయన్ని 1304 నంబర్ ఫ్లాట్ ఎక్కడని అడిగాను. ఆయన లిఫ్ట్ వైపు చూపించి, బటన్లు చదవమన్నాడు. పన్నెండు తర్వాత పద్నాలుగు కూడా లేదు, పదిహేను! పదమూడు, నాలుగు అంకెలంటే భయపడే కొనుగోలుదార్ల కోసం ఇక్కడ చాలా కాండోల్లో ఆ అంతస్తుల నంబర్లే ఎగరగొడతారు. పదమూడు పాశ్చాత్యుల భయం, నాలుగు చైనీయుల భయం. నా డబ్బుని కాపాడింది ఆ రెండు మూఢనమ్మకాలే. ఈ నెలలో వచ్చినవాళ్ళలో నువ్వు మూడోదానివి అన్నాడాయన.

ఇప్పుడుంటున్న ఇల్లు ఏ గ్రూపులోనూ దొరకలేదు. విక్టోరియా పార్క్ స్టేషన్ దగ్గర డాన్‌ఫోర్త్ మీద బంగ్లాదేశీ కిరాణా కొట్లు వరసగా ఉంటాయి. అక్కడ పప్పు కొనుక్కుంటుంటే కౌంటర్ పక్కన గోడకి చేతిరాత కాగితం: మూడు గదుల ఇంట్లో ఒక గది, 850, హైడ్రోతో కలిపి. ఫోన్ చేయగానే నేనడిగిన మొదటి ప్రశ్న ఓనర్ ఎక్కడుంటారని. పక్క ఊరు మార్కమ్‌లో ఉంటానన్నాడు. వంటగది? అద్దెకుండే ముగ్గురిదీ. అద్దె నా లెక్కకి ఎక్కువే, స్కార్‌బరోలో కట్టినదాని కన్నా రెండు వందల యాభై ఎక్కువ. కానీ సబ్‌వేకి ఆరు నిమిషాలు, ఈసారి స్టేషన్‌లోకి వెళ్ళి రైలు వస్తోందా లేదా చూసి మరీ చెబుతున్నాను.

లీజు రాసుకున్నాం. ఒంటారియోలో 2018 ఏప్రిల్ 30 నుంచి మామూలు ఇళ్ళ అద్దెలకి ప్రభుత్వం ఇచ్చిన స్టాండర్డ్ ఫారమే వాడాలి. ఆ ఫారం ప్రింట్ తీయడానికి లైబ్రరీకి వెళ్తే కంప్యూటర్లు పనిచెయ్యడం లేదు. అక్టోబరు చివర్లో టొరంటో పబ్లిక్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. వంద బ్రాంచీల లైబ్రరీ, వెబ్‌సైట్ లేదు, కంప్యూటర్లు లేవు. పుస్తకాలు మాత్రం ఇస్తూనే ఉన్నారు. ప్రింట్ దొరకలేదు గానీ ఉచితంగా కార్డు చేయించుకుని, ఒక నవల పట్టుకుని బయటికొచ్చాను. లీజు చివరికి కాలేజీలో ప్రింట్ తీశాను. ప్రతి పేజీ రెండుసార్లు చదివాను. మార్కమ్ ఓనర్ విసుక్కోకుండా కూర్చున్నాడు, ఆయనకి లెక్కలంటే ఇష్టం. ఏడాది తర్వాత అద్దె పెంచేటప్పుడు అది అర్థమైంది. తొంభై రోజుల ముందే ఫారం ఇచ్చాడు. 2025కి ప్రభుత్వం అనుమతించిన పెంపు 2.5 శాతం, అంటే 21.25 డాలర్లు. డిపాజిట్ మీద ఏడాదికోసారి ఆయన నాకు వడ్డీ ఇవ్వాలి, అదీ 2.5 శాతమే, అదీ 21.25 డాలర్లే. చివరి నెల డిపాజిట్ కూడా 871.25కి పెరగాలి కాబట్టి వడ్డీని దానికే జమ చేసి, "చెల్లు" అని కాగితం మీద గీత గీశాడు. ఇద్దరం ఆ కాగితాన్ని కాసేపు మెచ్చుకోలుగా చూశాం.

ఇంట్లో మిగతా ఇద్దరిలో ఒకరు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినావిడ, ముసలివాళ్ళని చూసుకునే పని, ఎక్కువగా నైట్ షిఫ్టులు. ఇంకొకరు ఇథియోపియా కుర్రాడు, పగలు కాలేజీ, రాత్రి ఫుడ్ డెలివరీ. ఆ కుర్రాడి సంగతి అమ్మకి ఆరు నెలల తర్వాత చెప్పాను. "పైన ఒక ఫ్యామిలీ ఉంటుంది" అన్నంత దూరం వెళ్ళలేదు గానీ, చెప్పాల్సినచోట నెట్‌వర్క్ సరిగ్గా లేనట్టు నటించాను.

మొదటి నెలంతా మా ముగ్గురి మధ్య మాటల కన్నా మాస్కింగ్ టేపు ఎక్కువ. ఫ్రిజ్ అరల మీద పేర్లు, గిన్నెల మీద పేర్లు, ఉప్పు డబ్బా మీద కూడా. వంటగదికి పక్కనే నడవాలో పొగ అలారం ఉంది. మొదటి ఆదివారం పప్పులోకి పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడి ఎండుమిరపకాయ వేశానో లేదో అది మొదలెట్టింది. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను టవల్ పట్టుకుని అలారం కింద విసురుతూ సారీ సారీ అంటున్నాను. రూలు వస్తుందని ఎదురుచూశాను. రెండు నుంచి నాలుగు, వేపుళ్ళు వద్దు, ఏదో ఒకటి. ఆవిడ కిటికీ తెరిచి, టవల్ నా చేతిలోంచి తీసుకుని, ఇలా అడ్డంగా ఊపాలి అని చూపించి వెళ్ళి పడుకుంది.

ఆ తర్వాత శనివారం పొద్దున్నే అలారం మోగితే ఈసారి నేను ఏం చెయ్యలేదని మంచం మీదే అరిచాను. కుర్రాడు చిన్న పెనం మీద పచ్చి కాఫీ గింజలు వేయిస్తున్నాడు. వాళ్ళ దగ్గర కాఫీ అంటే అలాగట, గింజ వేయించే దగ్గర నుంచి మొదలవుతుంది, పొగని ఇంట్లో అందరూ ఒకసారి వాసన చూడాలి. అలారం కూడా చూసింది. బ్యాటరీ తీసేద్దామా అని నేనే అన్నాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఇక్కడ పొగ అలారాన్ని పనిచెయ్యకుండా చేయడం నేరం, జరిమానా గట్టిగా ఉంటుంది. అప్పటి నుంచి పోపు, కాఫీ గింజలు, ఆవిడ వేయించే ఎండు చేపలు, ఈ మూడింటికీ ఒకటే పద్ధతి: వండేవాళ్ళు కేకేస్తారు, ఖాళీగా ఉన్నవాళ్ళు టవల్ పట్టుకుంటారు. ఎండు చేపల వాసనకి ఆ కాఫీ కుర్రాడు మొహం పెట్టినట్టు నేను పెట్టలేదు. నాకది తెలిసిన వాసనే.

ఆవిడని నేను 'అటే' అంటాను. వాళ్ళ భాషలో అక్క అని. ఆవిడ నన్ను అక్క అనడం నేర్చుకుంది, నేను చిన్నదాన్నని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

ఈ ఊరు ఎన్ని దేశాల జనమో అంకెల్లో నేను చదివాను. 2021 జనాభా లెక్కల ప్రకారం టొరంటోలో దాదాపు సగం మంది, 46 శాతం పైన, వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు. చదివినప్పుడు అదొక పండగలా ఊహించుకున్నాను. వచ్చాక తెలిసింది, సగం మంది బయటివాళ్ళయితే ఎవరూ ఎవరినీ ప్రత్యేకంగా చూడరు. నా యాస గురించి మొదటి ఆరు నెలల్లో ఒక్కరూ అడగలేదు. నాకది మొదట్లో కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది, ఇంత దూరం వచ్చాను కదా, ఎవరైనా అడగొచ్చుగా అని. ఇప్పుడు అదే హాయి. స్పడైనాలో చైనాటౌన్ పక్క సందులోంచి నడిస్తే కెన్సింగ్టన్ మార్కెట్, డాన్‌ఫోర్త్ మీద పడమర వైపు వెళ్తే గ్రీకువాళ్ళ బేకరీలు, గెరార్డ్ మీద చీరల కొట్లు. వాటిని చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను టూరిస్టునే. ఊరు నాదనిపించింది మాత్రం ఒక చెత్త రాత్రి.

చెత్త అంటే నిజంగా చెత్తే. ఇక్కడ తడిచెత్త గ్రీన్ బిన్ ప్రతివారం తీసుకెళ్తారు, మామూలు చెత్త, రీసైక్లింగ్ వారం విడిచి వారం. గ్రీన్ బిన్‌కి గొళ్ళెం ఉంటుంది, రకూన్ల కోసం. మొహానికి నల్ల గంతలు కట్టుకున్నట్టుండే ఈ జంతువులు మూతలు తెరవడంలో ఎంత నేర్పరులంటే, 2016లో నగరం ప్రత్యేకంగా వాటికి లొంగని డబ్బాలు చేయించి ఇంటింటికీ ఇచ్చింది. నా వంతు వచ్చిన రాత్రి గొళ్ళెం తిప్పడం మర్చిపోయాను. పొద్దున్న లేచేసరికి మా వాకిలంతా అరటి తొక్కలు, టీ పొడి, అటే వారి చేప తలలు. మంచులో కూర్చుని ఏరుతుంటే పక్కింటి ముసలాయన గరిట లాంటి పార ఒకటి తెచ్చిచ్చి, నాతో పాటు పావుగంట రకూన్లని తిట్టాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. మర్నాటి నుంచి చెత్త రోజు ముందు రాత్రి మా కిటికీ వైపు చూసి చేత్తో గొళ్ళెం తిప్పినట్టు సైగ చేస్తాడు. ఇప్పటికీ చేస్తాడు.

ఈ నెలాఖరుకి అటే వెళ్ళిపోతోంది. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ భర్త, కూతురు వస్తున్నారు, ఇంకో వీధిలో రెండు గదుల ఫ్లాట్ తీసుకుంది. కూతురికి పదేళ్ళు. తను వదిలి వచ్చినప్పుడు ఆరు, ఆ లెక్కలోనే బట్టలు కొని, మళ్ళీ మార్చుకొచ్చింది. ఖాళీ అయ్యే గదికి మనిషిని మమ్మల్నే చూడమన్నాడు ఓనర్, ఎలాగూ మీరే కదా కలిసి ఉండాల్సింది అని. కాబట్టి ప్రకటన నేనే రాశాను. రాస్తుంటే తెలిసింది అందులో ఏ మాట ఎంత తేలిగ్గా అబద్ధం అయిపోతుందో. 'సబ్‌వేకి ఆరు నిమిషాలు' దగ్గర ఆగి, సూట్‌కేసుతో అయితే పది అని రాశాను. 'ఓనర్ ఇంట్లో ఉండడు, వంటగది ముగ్గురిదీ' అన్న వాక్యం అన్నిటికన్నా పైన పెట్టాను. పొగ అలారం గురించి కూడా రాశాను.

నలభై మెసేజ్‌లు వచ్చాయి. అందులో ఒకమ్మాయి, మన అమ్మాయే, వీడియో కాల్‌లో వాళ్ళమ్మని కూడా కూర్చోబెట్టింది. నేను ఫోన్ పట్టుకుని గది, కిటికీ, బాత్రూమ్, ఫ్రిజ్‌లో ఖాళీ అర చూపించాను. వాళ్ళమ్మగారు "ఇంట్లో అందరూ తెలుగువాళ్ళేనా అమ్మా?" అన్నారు.

"లేదండీ, నేనొక్కదాన్నే."

కాసేపు నిశ్శబ్దం. నెట్‌వర్క్ బాగానే ఉంది.

"మరి అబ్బాయిలెవరూ లేరు కదా?"

ఉన్నాడని చెప్పాను. ఎవరు, ఏం చదువుతున్నాడు, గదికి తాళం ఎలా ఉంటుంది, అన్నీ చెప్పాను. నాకు ఆ రోజు ఎవరైనా చెప్పాల్సినవి ఇంకా చాలా చెప్పాను, లీజు ఫారం పంపించాను, ఏ పేజీ చదవాలో గుర్తుపెట్టి మరీ. ఆలోచించుకుని చెబుతామన్నారు. వద్దంటారనే అనుకున్నాను. రాత్రి రెండింటికి ఆ అమ్మాయే మెసేజ్ పెట్టింది: "అక్కా, అమ్మ సరేనంది. పోపు పెట్టుకోవచ్చా?"

కిటికీ తెరిచి పెట్టుకోమన్నాను. గురువారం దిగుతోంది. ఎయిర్‌పోర్ట్ నుంచి 900 నంబర్ బస్సు ఎక్కి కిప్లింగ్‌లో దిగమని, అక్కడ లైన్ 2 ఎక్కితే ఇంక మారకుండా విక్టోరియా పార్క్ దాకా కూర్చోవచ్చని, మొత్తం ఒక్క టికెట్టేనని రాసి పంపించాను. స్టేషన్‌కి నేనూ, కాఫీ కుర్రాడూ వెళ్తాం. రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కర్ ఉన్నాయట.